గుట్టమీది రాతిపువ్వు

పంచాయతీ సభ్యులారా!

మసాలా దినుసులలో రాతిపువ్వును మీరెరుగుదురు. ఆదిలాబాదు సరిహద్దు దాటినచో దానినే దగడ్‌ఫూల్ అందురు. పేరునకు పువ్వే గాని అది పువ్వు గాదు; ఒక్క ప్రాణియు గాదు. శిలీంధ్రమును, సూక్ష్మమైన నాచును కలిసి చేయు కాపురమది. నాచు ఎండవెలుగుతో ఆహారము సిద్ధము చేయును. శిలీంధ్రము గూడు కట్టి తేమను నిలుపును. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ 1867లో ఈ సంగతి చెప్పగా తోటి పండితులే నమ్మలేదు! శాస్త్రములో ఈ కోవకు చెందినవానినన్నిటిని లైకెనులందురు.

కరీంనగరు గుట్టల బండలపై, కవ్వాల్ అడవి చెట్ల బెరడుపై కనబడు బూడిదవన్నె, పసుపువన్నె మచ్చలలో పెక్కు ఇవియే. కొన్ని సున్నము పూసినట్లంటుకొని గోటికి ఊడిరావు. కొన్ని ఆకులవలె అంచులు లేచియుండును. మరికొన్ని పోగులవలె వ్రేలాడును. ఇవి ఆకార భేదములే గాని జాతులు గావు. జాతి తేల్చుటకు పండితులు పొటాషు ద్రావణము చుక్క వేసి రంగు మారుట చూతురు. బీజములను సూక్ష్మదర్శినిలో కొలుతురు. పేరు మాత్రము శిలీంధ్రమునకే చెల్లును.

గాంబుల్ దొర 1915లో ప్రారంభించిన మదరాసు రాష్ట్ర వృక్షగ్రంథములో మన ప్రాంతము లేదు. నాడిది నైజాము రాజ్యము. ఉన్నను అది పూచెడు మొక్కల గ్రంథము.

ఈ లోటు తీర్చుటలో మీకును పాత్ర కలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక సంఘమును నియమించి, ఊరి జీవరాశుల రిజిస్టరు వ్రాయింపవలెను. అందు చెట్టు, పశువులతోబాటు ఈ మచ్చకును ఒక పుట యుంచుడు. కరీంనగరు గ్రానైటుకు గిరాకి మెండు. బండకంటుకొనియుండు రకములు పెక్కు ఏటికి మిల్లీమీటరైనను పెరుగవు. గుట్టను పగులగొట్టిన దినముననే అవియు పోవును. కావున క్వారీ రాకమునుపే నమోదు జరుగవలెను.

బండను గీకవద్దు. ప్రక్కన రూపాయి నాణెముంచి ఫొటో తీయించుడు. నమూనా తప్పనిసరియైనచో బెరడుతోబాటు చిన్నముక్క తీసి, ఆరబెట్టి, కాగితపు పొట్లము కట్టుడు. మేమొకమారు ప్లాస్టిక్ సంచిలో తెచ్చి, బూజు పట్టించి నవ్వులపాలైతిమి! జాతి తెలియగోరువారికి లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో గొప్ప లైకెనుల భాండారము కలదు. పొట్లముపై తేది, చెట్టు పేరు, ఊరి పేరు వ్రాయుడు. గుట్టను మీ ఊరివారు పిలుచు పేరును గూడ వ్రాయుడు. పటములలో అది దొరకదు.