ఓడినను నిలిచిన ఎత్తు

ఇంట చదరంగపు బల్ల ఉన్న శ్రోతలు దానిని దగ్గరకు తీసికొన్నచో మా ప్రసంగము సులభముగా బోధపడును. నేడు మేము ముచ్చటింపబోవునది 1918 అక్టోబరులో న్యూయార్కు పోటీలో జరిగిన ఒక్క ఆటను గూర్చి.

తెల్లపావులు క్యూబా దేశీయుడైన కాపబ్లాంకావి. నల్లపావులు అమెరికా విజేత ఫ్రాంక్ మార్షల్‌వి. 1909లో వీరిరువురు ముఖాముఖి తలపడినపుడు కాపబ్లాంకా ఎనిమిది ఆటలు గెలువగా, మార్షల్ గెలిచినది ఒక్కటే. ఆ ఓటమి తరువాత మార్షల్ ఒక కొత్త ఎత్తు కనిపెట్టి, తొమ్మిదేండ్లు దాచి ఉంచెనని కథ కలదు. 1918కి ముందే ఆ ఎత్తు ఆడిన దాఖలాలుండుటచే ఆ కథను పూర్తిగా నమ్మరాదు.

ఆట ఆరంభము రూయ్ లోపెజ్ పద్ధతి. ఇది పదునారవ శతాబ్దపు స్పెయిన్ మతాచార్యుని పేర వెలసినది. ఇందు నల్లవారు సాధారణముగా ఓర్పుతో కాచుకొందురు. మార్షల్ అట్లు చేయక, ఎనిమిదవ ఎత్తున మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపెను. మన పాత ఆటలో బంటు మొదట ఒక్క గడియే కదలును. పాశ్చాత్యుల ఆటలో రెండు కదలవచ్చును. బంట్లు, గుఱ్ఱములు పరస్పరము చంపుకొనిన పిదప నల్లవారికి ఒక బంటు నష్టమయ్యెను. ప్రతిఫలమేమి? తెల్లరాజును కాచుచుండిన గుఱ్ఱము పోయినది. మంత్రివైపు తెల్లబలగము ఇంకను కదలలేదు. నల్ల శకటులకును, మంత్రికిని దారి తెఱచుకొన్నది.

ఇది ముందుగా పన్నిన వల యని కాపబ్లాంకా గ్రహించెను. గ్రహించియు వెనుదీయలేదు. మార్షల్ గుఱ్ఱమును బలిగా చూపినపుడు దానిని వెంటనే ముట్టలేదు. శకటు బలియైనది, మంత్రి రాజుపైకి దుమికినది. తెల్లరాజు కోటను విడిచి, నడిబల్ల మీదుగా ఒక్కొక్క గడియే దాటి, మంత్రివైపు క్షేమముగా చేరెను. 36వ ఎత్తుతో కాపబ్లాంకా గెలిచెను.

ఇంటివద్ద చేసిన సాధనను బల్లయెదుటి బుద్ధి జయించినదని పలువురందురు. అది నిజమే. కాని ఆట ఓడినంత మాత్రమున ఎత్తు ఓడలేదు. తరువాత పదునొకండవ ఎత్తున గుఱ్ఱమును వెనుకకు తీయుటకు మారుగా, శకటు ముందరి బంటును ఒక గడి జరిపి గుఱ్ఱమును కాచుట మేలని తేలినది. నేడు అది మార్షల్ దాడి అను పేర ప్రసిద్ధము. గొప్ప ఆటగాండ్రు సైతము తెల్లపావులు పట్టినపుడు, ఎనిమిదవ ఎత్తుననే వేఱు దారి పట్టి దానిని తప్పించుకొనుచుందురు.

ఓడినవాని పేరు ఎత్తుకు నిలిచినది. ఆ ఎత్తునకు గెలుపరులు నేటికిని జంకుచున్నారు. మన ఇండ్లలో ఆట ఓడిన పిల్లవాడు పావులు చెదరగొట్టి లేచిపోవునపుడు, ఈ సంగతి వానికి చెప్పుదము.