పాత కారు, పాత పాఠం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున బడి గేటు ముందర రెండు అంబాసిడర్లు, ఒక ప్రీమియర్ పద్మిని, నాలుగైదు మారుతీ 800లు వచ్చి నిలబడ్డాయి. పిల్లలు వాటి పక్కన ఫొటోలు దిగారు. పెద్దలు బానెట్లు ఎత్తించి చూశారు. "పికప్ పోయింది, ఏం చెయ్యాలె?" "మైలేజీ పడిపోయింది, ఇంజన్ దించాల్నా?" అని నన్ను పదిమంది అడిగారు. ఆ నాలుగు మాటలు మైకులోనే చెప్పమని కార్యదర్శి గారు ఇక్కడికి పిలిచారు.

సలహాలకు ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది 1993 వేసవి. అప్పుడే మెకానికల్ ఇంజనీరింగ్ పాసై ఊరికి వచ్చాను. మా నాయిన సెకండ్ హ్యాండులో కొన్న అంబాసిడర్‌ను కిరాయికి తిప్పేవాడు. పెళ్లిళ్లకైనా ఆసుపత్రికైనా మా వాడకు అదే దిక్కు. ఒకరోజు మధ్యాహ్నం మన ఫిజిక్స్ సార్ తల్లిగారికి బాగాలేదని కబురొచ్చింది. నాయిన ఊళ్లో లేడు. ఇద్దరినీ ఎక్కించుకుని నేనే మిర్యాలగూడకు బయలుదేరాను.

సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. కంగారులో పక్క పొలంలో బోరు దగ్గరికి ఉరికి, చల్లటి నీళ్లు బకెట్‌తో తెచ్చాను. "ఆగురా, ఇంజన్ సల్లారనియ్యి" అన్నారు సార్. ఇంజనీరును కదా, వినలేదు. నీళ్లు పోయగానే లోపల టక్కుమని ఒక చప్పుడు.

పోత ఇనుప హెడ్ పగిలింది. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లదనానికి సంకోచిస్తుంది. ఒకే ముక్కలో ఒక వైపు అది, ఒక వైపు ఇది ఒక్కసారే జరిగితే చీలక తప్పదు. ఆ పాఠం నాకు ఈ బడిలో చెప్పింది, ఆ రోజు ఆగమన్నదీ ఒక్కరే. అమ్మగారిని దారిన పోయే లారీలో ఎక్కించి ఆసుపత్రికి చేర్చాం. దేవుడి దయవల్ల ఆమె కోలుకున్నారు. కారు మాత్రం ఆరు వారాలు షెడ్డులో ఉంది. ఆ ఏడు పెళ్లిళ్ల కిరాయిలన్నీ పోయాయి. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మిర్యాలగూడ మెకానిక్ భాయి రేడియేటర్ విప్పి చూపించాడు. గొట్టాల్లో సగం వరకు తెల్లటి గార. మన నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీళ్లు కాగిన కొద్దీ అవి గోడలకు పట్టుకుంటాయి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. రబ్బరు వాషరు ఎండిపోయిన మూతను మార్చండి. మూత అర బార్ ఒత్తిడి నిలిపితే నీళ్లు దాదాపు 111 డిగ్రీల దాకా మరగవు. మూత వదులైతే 100 దగ్గరే మరుగుతాయి. బండి వేడెక్కుతోందని కొందరు థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అది జబ్బుకు మందు కాదు. చలికాలంలో ఇంజన్ సరిగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ బురదవుతుంది.

ఇక పికప్ సంగతి. ఇంజన్ దించేముందు కొలవండి. కంప్రెషన్ గేజ్ ఖరీదైన వస్తువేమీ కాదు. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, ఒక్కో సిలిండర్ ఒత్తిడి రాసుకోండి. అంబాసిడర్‌కు నాలుగు, మారుతీ 800కు మూడు అంకెలు వస్తాయి. అవన్నీ మరీ తక్కువగా లేకుండా, వాటి మధ్య తేడా పది శాతం లోపు ఉంటే సాధారణంగా ఇంజన్ దించే పని లేదు. ఒకటి తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోనట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

తీసిన ప్లగ్గుల రంగు కూడా చూడండి. బిస్కట్ రంగైతే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. మరీ తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. పొగ కూడా ఇదే చెబుతుంది: నీలం పొగ ఆయిల్‌ది, నలుపు పెట్రోలుది, ఎంతకీ ఆగని తెల్లపొగ నీళ్లది. చాలా బండ్లలో పోయిన పికప్ పాయింట్లు, టైమింగ్, ట్యాపెట్లు, ఎయిర్ ఫిల్టర్ సరిచేస్తే తిరిగి వస్తుంది. వేలు ఖర్చు చేసే ముందు వందలతో అయ్యే పనులు చేయండి.

చివరిగా ఇప్పటి పెట్రోలు. ఇందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. సెన్సార్లున్న కొత్త కారు ఆ తేడా చూసి సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. అందుకే పాత ఇంజన్ బిగుసుకున్నట్టు నడుస్తుంది, వేడెక్కుతుంది. జెట్ మార్చి, ట్యూనింగ్ చేయించాలి. ఇథనాల్ తడిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి. పైపు కారితే మంటే. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడూ పాత బండ్ల పని అయిపోయిందన్నారు. గట్టి వాల్వు సీట్లు వేయించుకున్నవాళ్లు ఇప్పటికీ నడుపుతున్నారు.

అంబాసిడర్, మారుతీ 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇక కొత్తవి రావు. ఉన్నవాటిని చెవితో విని బాగుచేయగల మెకానిక్‌లు కూడా తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో అలాంటి భాయి ఒక్కరున్నా ఆయన పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టండి. నా కంప్రెషన్ గేజ్‌ను మన సంఘం గదిలో ఉంచి పోతున్నాను. ఎవరైనా తీసుకెళ్లండి, తిరిగి తెచ్చి పెట్టండి.

ఆ రోజు వెనక సీట్లో కూర్చున్న సార్ ఇవాళ ముందు వరుసలో ఉన్నారు. సార్, ముప్పై ఏళ్లు దాటింది. ఆ రోజు మీ మాట వినలేదు. అమ్మగారిని లారీ ఎక్కించాల్సి వచ్చింది నా వల్లే. మన్నించండి. ఆ తర్వాత ఏ వేడి ఇంజన్ ముందు నిలబడినా మీ మాటే ముందు వినబడుతుంది: "ఆగురా, సల్లారనియ్యి."