చైన్‌సా ఇంజను ఎందుకు పట్టేస్తుంది?



2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను వచ్చినప్పుడు మన జెర్సీ సిటీ వీధుల్లోకి నీళ్ళొచ్చాయి, న్యూజెర్సీ అంతటా చెట్లు కూలాయి, 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. నవంబరు 3 నుంచి మన హడ్సన్‌తో సహా 12 కౌంటీల్లో కారు నంబరు సరా బేసా చూసి పెట్రోలు పోశారు. చైన్‌సాకి పని పడేది సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే. నెలల తరబడి గరాజులో పడున్న రంపంలో, అక్కడే మిగిలిన పాత పెట్రోలు పోసి, పొద్దుటినుంచీ ఆపకుండా నడుపుతాం. మధ్యాహ్నానికి గరగరమని ఆగిపోతుంది. తాడు లాగితే కదలదు. బేరింగులు పోయాయంటాడు మెకానిక్. బాగుచేయించే ఖర్చు చాలాసార్లు కొత్త రంపం ధరకు దగ్గరవుతుంది. మరి ఎందుకిలా అవుతుంది?

బజాజ్ చేతక్, లూనా మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ కూడా పోయించుకునేవాళ్ళం. పెట్రోలు చైన్‌సా కూడా ఆ జాతిదే, టూ స్ట్రోక్ ఇంజను. కారుకున్నట్టు దీని ఇంజను అడుగున నూనె ఉండదు. క్రాంక్ షాఫ్ట్‌కి రెండు పక్కలా ఉండే బాల్ బేరింగులకీ, కనెక్టింగ్ రాడ్ చివర్లలో ఉండే సూదుల్లాంటి రోలర్లకీ దొరికేది పెట్రోలులో కలిసొచ్చే కాస్త నూనె మాత్రమే. కోసేటప్పుడు ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరిగిందంటే, సెకనుకి 150 అన్నమాట. రంపానికి వేరే నూనె ట్యాంకు ఉందిగా అంటారు కొందరు. అది బయట తిరిగే గొలుసుకి. అందులోంచి ఒక్క చుక్క కూడా ఇంజనులోకి పోదు.

ఇక ఈ నూనె ఎలా తగ్గుతుందో చూద్దాం. కార్బ్యురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గిస్తే రంపం చురుగ్గా అరుస్తుంది, మనకీ ముచ్చటేస్తుంది. కానీ పెట్రోలుతో పాటు నూనే తగ్గింది, వేడి పెరిగింది. పోనీ నూనె ఎక్కువ కలుపుదామా అంటే, అదే కన్నంలోంచి అంతమేరకు పెట్రోలు తక్కువ వెళ్తుంది, ప్లగ్గుకి మసి పడుతుంది. కాబట్టి కంపెనీ పుస్తకంలో ఎంతుంటే అంతే కలపాలి. 50కి 1 అని ఉంటే గ్యాలనుకి 2.6 ఔన్సులు. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమని లాక్కుంటుంది. నిలవుంటే నీళ్ళూ ఇథనాలూ అడుగుకి చేరతాయి. ఇంజను ఆ అడుగుదే పీలిస్తే బేరింగులకి నూనె అందదు, తుప్పు కూడా పడుతుంది.

రెండో శత్రువు వేడి. గొలుసు పదునుగా ఉంటే చెక్క తునకలుగా రాలుతుంది, మొండిదైతే పిండిలా రాలుతుంది. పిండి కనపడగానే ఆపి పదును పెట్టాలి గానీ, బరువేసి నొక్కకూడదు. నొక్కితే ఇంజను మీద భారం పడుతుంది, వేడెక్కుతుంది, నూనె పొర పలచబడుతుంది. సిలిండరు రెక్కల మధ్య రంపపు పొట్టు పేరుకుంటే ఆ వేడి బయటికి పోదు. బేరింగు కాస్త అరిగితే షాఫ్ట్ ఊగుతుంది. ఊగితే పక్కనున్న సీలు కారి గాలి లోపలికొస్తుంది. గాలి పెరిగితే నూనె పాలు ఇంకా తగ్గుతుంది. అక్కణ్ణించి ఎంతోసేపు పట్టదు.

అందుకని తుఫాను హెచ్చరిక వినగానే కొత్త పెట్రోలు కలిపి పెట్టుకోండి. ప్లగ్గు వైరు తీసేసి, ఫ్లైవీలుని పైకీ కిందకీ ఆడించి చూడండి. ఊగితే ఆ రంపాన్ని పనిలోకి దించొద్దు. ఎక్కువసేపు కోసిన తరవాత ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపండి. పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. వీధికి అడ్డంగా చెట్టు పడి, అవతల అంబులెన్సు ఆగినప్పుడు రంపం మొరాయిస్తే, దాన్ని బాగుచేసే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఇవాళ్టికి సెలవు.