తిరుగుబాటు పాట - కంపెనీ ఒడంబడిక



గడచిన మాఘమాసములో మా మేనల్లుడొకడు ఒక కాగితము చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. అతడు కాలువ చివరి భూముల రైతు. పనిపాటలు లేని నెలలలో డప్పు వాయించు మిత్రుడొకనితో గూడి ఊరూర తిరుగుచు, నీరు ఎవరి చేలకు మళ్లినదో, ఎవరి చేలు ఎండినవో పాటలుగా కట్టి పాడుచుండును. ఆ పాటలు విన్న పట్టణపు రికార్డు కంపెనీ యొకటి యతనికి ఒడంబడిక పత్రము పంపినది. "మామయ్యా, పెద్దవాళ్లను తిట్టి పాడేవాణ్ణి. పెద్దవాళ్ల సొమ్ము పుచ్చుకోవచ్చునా? సంతకం చెయ్యమంటావా, వద్దంటావా?" అని యడిగెను. నాకు వెంటనే యుత్తరము తోచలేదు. కాగితము నాకడనే యుంచుకొని, ఈ చిక్కు మావానికంటె ముందు ఎవరికైన వచ్చినదా యని వెదకసాగితిని. అట్లు వెదకగా నాకు దొరకినది అమెరికా దేశమున లాస్ ఏంజలిస్ నగరవాసులైన నలుగురు యువకుల వృత్తాంతము. నేడు దానినే మీకు వినిపించెదను.

వారి బృందము పేరు 'రేజ్ ఎగెనస్ట్ ది మెషీన్'. యంత్రముపై ఆగ్రహమని దాని యర్థము. యంత్రమన్నంతనే మన యూరి పిండిమర జ్ఞప్తికి వచ్చునేమో, అది గాదు. ధనము, పోలీసు, యుద్ధము, పత్రిక, ఇవన్నియు ఒక్కటై సామాన్యుని నలుపుచున్నవని వారి నమ్మకము. ఆ సమస్తమునకు వారు పెట్టిన పేరు యంత్రము. బృందము 1991లో ఏర్పడినది. పాడువాడు జాక్ డె లా రోచా. మెక్సికో సంతతికి చెందిన చిత్రకారుల కూటమిలో ఇతని తండ్రి ఒకడు. గిటారు వాయించువాడు టామ్ మొరెల్లో. ఇతని తండ్రి కెన్యా దేశపు దౌత్యవేత్త, తల్లి ఉపాధ్యాయిని. తల్లియొద్దనే పెరిగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని, ఒక సెనెటరు కార్యాలయమున కొంతకాలము పనిచేసి, ఆ కొలువు తనకు సరిపడదని విడిచినవాడు. తక్కిన యిద్దరు టిమ్ కమర్‌ఫోర్డు, బ్రాడ్ విల్కు. ఒకడు బేసు గిటారు, ఒకడు డ్రమ్ములు.

వీరి పాట యెట్టిదని మీరడుగవచ్చును. న్యూయార్కు వీధులలో నల్లవారి యువకులు 1970 దశకమున ఆరంభించిన ర్యాప్ అను పద్ధతి యొకటి కలదు. అందు రాగము స్వల్పము, మాట యధికము. తాళము తప్పక, ప్రాస తెగక, ఊపిరి సలుపనీయక మాటలను గుప్పించుటయే దాని ప్రాణము. బుర్రకథకుడు యుద్ధఘట్టమున వచనమును డక్కీల మీద పరుగెత్తించునపుడు మనకు గలుగు ఉద్రేకమును దలచుకొన్నచో కొంత పోలిక తోచును. దానికి విద్యుత్తు గిటార్ల హోరును జోడించినవారు వీరు. నేను వీరి రికార్డును రెండుమారులు వింటిని. మొదటిమారు చెవులు మూసికొంటిని. రెండవమారు మాటల కాగితము ముందుంచుకొని వింటిని. అందు కొన్ని మాటలు నలుగురిలో పలుకదగినవి గావు. కాని అబద్ధముగా పాడుచున్నారని మాత్రము నాకు దోచలేదు.

ఆ నగరముననే 1991 మార్చిలో రాడ్నీ కింగ్ అను నల్లవానిని పోలీసులు క్రిందబడవేసి లాఠీలతో మోదిరి. ఎదుటి యింటివాడొకడు ఆ దృశ్యమును కెమెరాలో పట్టెను. 1992 ఏప్రిలులో న్యాయస్థానమున ఆ పోలీసులు దాదాపు నిర్దోషులుగా బయటపడగా నగరమంతయు అట్టుడికినది. వీరి పాటలు పుట్టినది ఆ వేడిలోనే.

మొదట వీరు కంపెనీలను ఆశ్రయింపలేదు. పండ్రెండు పాటలను తామే క్యాసెట్టుగా జేసి, తమ కచేరీలలో తామే యమ్ముకొనిరి. అయిదువేల వరకు చెల్లినవి. ఆ క్యాసెట్టు అట్టపై షేర్ల ధరలు అచ్చయిన పత్రికపుట యుండెను. దానిపై ఒక్క అగ్గిపుల్లను అంటించిరి. ఇంతకుమించి వ్యాఖ్యానమక్కరలేదు.

అట్టివారు 1992లో ఎపిక్ అను కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి. ఎపిక్ చిన్న దుకాణము గాదు. అది పూర్వము సీబీఎస్ రికార్డుల సంస్థలో ఒక శాఖగా నుండెను. ఆ సంస్థనంతయు జపాను దేశపు సోనీవారు 1988లో 200 కోట్ల డాలర్లకు కొనివేసియుండిరి. షేర్ల పుటమీద అగ్గిపుల్ల నంటించినవారు, ఏ కంపెనీ షేర్లు ఆ పుటలో ప్రతిదినము అచ్చగుచుండునో ఆ కంపెనీలోనే చేరిరి! విమర్శకులు ఊరకుందురా? వేషధారులనిరి, అమ్ముడుపోయిరనిరి. ఆ మాట వారిని చివరివరకు వెంటాడినది.

దీనికి మొరెల్లో పలుమారులు చెప్పిన సమాధానపు సారమిది. మనము ధనస్వామ్యములో బ్రదుకుచున్నాము. ఇక్కడ సమాచారము పోవుదారులన్నియు ధనికుల దారులే. ధనస్వామ్యమును ఖండించు పండితుని గ్రంథము పెద్ద పుస్తకశాలలలో అమ్మబడుట లేదా? ప్రజలు పుస్తకములు కొనుచోటు అదియే గదా. ఇదివరకే నమ్మినవారికి మరల బోధించుటవలన ప్రయోజనమేమి?

ఈ వాదము చదివినపుడు నాకు మనవారి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. 1931లో రౌండు టేబులు సమావేశమునకై లండనుకు వెళ్లిన గాంధీ మహాత్ముడు అక్కడి కొలంబియా గ్రామఫోను కంపెనీవారి కోరికపై తన గొంతును రికార్డున కెక్కనిచ్చెను. విదేశవస్త్రములను మంటబెట్టించినవాడు విదేశపు కంపెనీ పళ్లెముపై పలికెను. అయితే రాజకీయములు మాటలాడక, భగవంతునిగూర్చి తాను పూర్వము వ్రాసిన వ్యాసమును చదివెను. ఏది యియ్యవలెనో, ఏది యియ్యరాదో నిర్ణయము తన చేతిలోనే యుంచుకొనెను. ఈ రెండు సంగతులను సమానముగా దూచుట నా యుద్దేశము గాదు. కంపెనీ గడపలో కాలుపెట్టినంతనే మనుష్యుడు చెడునని చెప్పుటకు నాకు నోరాడలేదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇంతకు ఇట్టి యొడంబడికలు ఎట్లుండునో చెప్పవలెను. మనలో అనేకులకు ఇది కొత్త గాదు. నాట్లకు ముందు షావుకారు సొమ్మిచ్చును, కళ్లములో తన బాకీ ముందుగా కొలుచుకొని పోవును, మిగిలినది రైతుది. రికార్డు కంపెనీయు పాటగానికి ముందుసొమ్మిచ్చును. రికార్డు అమ్మగా వచ్చిన దానిలో పాటగాని వంతునుండి ఆ సొమ్ము పూర్తిగా రాబట్టుకొనును. అంతవరకు అతనికి దమ్మిడీ రాదు. ఒక్క భేదము కలదు. షావుకారు ధాన్యము తీసికొనిపోయినను పొలము రైతుదే. పాట విషయమున అసలు ముద్రణ సాధారణముగా కంపెనీదే యగును, అనగా పొలమే పోవును. చాలమంది పాటగాండ్రు పేరు వచ్చినపిమ్మట గాని ఈ సంగతి గ్రహింపరు.

ఈ నలుగురు పట్టుబట్టినది పాటల మాట, అట్టమీది బొమ్మ, కచేరీలోని పలుకు తమ యిష్టప్రకారముండవలెనని. కంపెనీ యొప్పుకొన్నది. ఆ మాట నిలిచినదో లేదో 1992 నవంబరులో వెలువడిన మొదటి రికార్డు అట్టయే చెప్పును. 1963 జూన్ 11న సైగాను నగరపు కూడలిలో, తమ మతస్థులను హింసించు ప్రభుత్వమునకు నిరసనగా, తిచ్ క్వాంగ్ డక్ అను బౌద్ధభిక్షువు పద్మాసనమున గూర్చుండి తన శరీరమునకు నిప్పు పెట్టుకొని కదలక దహింపబడెను. మాల్కమ్ బ్రౌన్ అను విలేఖరి తీసిన ఆ ఛాయాచిత్రమును వీరు అట్టపై వేసిరి. దుకాణపు అరలలో నవ్వుముఖముల నడుమ ఆ మంట నిలిచినది. అమెరికాలోనే ఆ రికార్డు ముప్పది లక్షలు చెల్లినది. అయిదువేల క్యాసెట్టు ఎక్కడ, ముప్పది లక్షలు ఎక్కడ! మొరెల్లో వాదమునకు బలమంతయు ఈ యంకెలోనే యున్నది.

సొమ్ము రుచిచూచి వీరు మెత్తబడిరా యనిన, అట్లు కనబడదు. 1993లో ఫిలడెల్ఫియా కచేరీలో, రికార్డులపై హెచ్చరిక ముద్రలు వేయింప బూనిన సంఘమునకు నిరసనగా, నోళ్లకు పట్టీలు వేసికొని, దిసమొలలతో పావుగంటసేపు పాడక నిలుచుండిరి. అది నాకు నచ్చిన పని గాదు; డబ్బిచ్చి వచ్చినవాడు పాట వినకుండ పోయెను. 1996 ఏప్రిలులో ఎన్‌బీసీ టెలివిజనువారి వినోద కార్యక్రమమునకు పోయి, ఆనాటి యతిథి కోటీశ్వరుడగుట చూచి, తమ పెట్టెలపై జాతీయపతాకములను తలక్రిందులుగా గట్టిరి. ఆ దేశపు మర్యాదలో అది ఆపదకు గుర్తు. అక్కడివారు జెండాలను ఊడబెరికి, రెండవ పాట పాడనీయక పంపివేసిరి. 1997లో దుస్తులు కుట్టు కూలీల కష్టములపై జరిగిన నిరసనలో మొరెల్లో అరెస్టయ్యెను. 2000 జనవరిలో న్యూయార్కు వాల్‌స్ట్రీటులో, షేర్ల భవనమునకు ఎదుట, మైకేల్ మూర్ దర్శకత్వమున తమ పాటను చిత్రము తీయించుచుండగా, గుంపు పైకి వచ్చునని భయపడి భవనమువారు తలుపులు మూసికొనిరి. క్యాసెట్టుపై అంటించిన అగ్గిపుల్ల ఎనిమిదేండ్లకు ఆ గుమ్మమువరకు పోయినదని నవ్వుకొంటిని.

రెండవ పక్షమును చెప్పకున్న అన్యాయమగును. అదే దేశపు రాజధానియగు వాషింగ్టనులో ఫుగాజీ యను బృందము పెద్ద కంపెనీలలో చేరలేదు. వారి గాయకులలో ఒకడైన ఇయన్ మెకై తన మిత్రునితో గలసి నడపుకొన్న చిన్న సంస్థయగు డిస్కార్డ్ ద్వారానే రికార్డులు వెలువరించి, కచేరీ టిక్కెట్టు సుమారు అయిదు డాలర్లకు మించకుండ చూచుకొనిరి. వారిని ఎవరును వేషధారులనలేదు. వారి పాట అంతదూరము పోలేదు, వారు పోవలెనని కోరుకొననులేదు. ఇక ఇంగ్లాండులో చంబావాంబా యను బృందము ఈఎంఐ కంపెనీని బహిరంగముగ దూషించి, 1997లో ఆ కంపెనీతోనే యొడంబడిక చేసికొని నవ్వులపాలైనది. కాని 2002లో ఒక మోటారుకారుల కంపెనీ తన ప్రకటనకై వారి పాటకు లక్ష డాలర్లియ్యగా, ఆ సొమ్మును కంపెనీల యక్రమములను బయటపెట్టు సంఘములకు ధారపోసిరి. దీనిని చతురత యనవలెనో, తమ తప్పునకు చెల్లించుకొన్న పరిహారమనవలెనో నాకు ఇప్పటికిని తేలలేదు.

ఇప్పుడు నన్ను మిక్కిలి కలతపెట్టిన సంగతి చెప్పెదను. ఇంగ్లాండులో క్రిస్మసు వారమున అన్నిటికంటె అధికముగా చెల్లిన పాటకు గొప్ప గౌరవము. 2005 మొదలు నాలుగేండ్లు ఒక టెలివిజను పోటీలో గెలిచినవారి పాటకే ఆ గౌరవము దక్కినది. దీనికి విసిగి ఒక దంపతులు 2009లో, పదునేడేండ్లనాటి మన యీ బృందపు పాటను అందరు కొని ఆ వరుసను భంగపరచవలెనని ప్రచారము చేసిరి. జనము కదలినది. ఈ పాట 5 లక్షల 2 వేలు చెల్లగా, పోటీపాట 4 లక్షల 50 వేలు చెల్లినది. వీరు మాట యిచ్చినట్లే మరుసటి యేడు లండనులో ఉచితముగ కచేరీ చేసి, పాటపై వచ్చిన సొమ్మును నిరాశ్రయుల సహాయసంస్థకిచ్చిరి. ప్రజలు గెలిచిరని పత్రికలు వ్రాసినవి. కాని ఓడిన పాటను వెలువరించిన సంస్థ ఏది? అదియు సోనీవారి గూటిదే! ఎవరు గెలిచినను, ఎవరు ఓడినను లాభము చేరు ఇల్లు ఒక్కటే. దున్నిన ఎద్దులు వేరైనను గాదె యొకరిదే యన్నట్లయ్యెను.

పాట దూరము పోయిన కొలది ఎవరి చెవిలో బడునో చెప్పలేము. 2012లో ఉపాధ్యక్ష పదవికి నిలిచిన పాల్ ర్యాన్, ధనికుల పన్నులు తగ్గింపవలెననువాడు, ఈ బృందము తనకు ప్రియమని చెప్పెను. మేము ఏ యంత్రముపై కోపించితిమో ఆ యంత్రమునకు రూపమే యితడని మొరెల్లో పత్రికలో జవాబు వ్రాసెను.

బృందమును విడదీసినది కంపెనీ గాదు. 2000 అక్టోబరులో డె లా రోచా, నలుగురము కలసి నిర్ణయములు చేయు పద్ధతి మాలో చెడినదని చెప్పి వెడలిపోయెను. 2007లో మరల గలసిరి, మరల విడిరి, 2022లో మరల పర్యటించిరి. 2023లో రాక్ సంగీతపు కీర్తిమందిరమున వీరికి స్థానమియ్యగా, ఆ సభకు నలుగురిలో మొరెల్లో ఒక్కడే వెళ్లెను. ఇక కచేరీలు లేవని 2024 జనవరిలో విల్కు ప్రకటించెను. వారి రికార్డులను త్రిప్పి చూడగా నాకొక చిన్న సంగతి కంటబడినది. మాటలు డె లా రోచావియని వ్రాసి, సంగీతము మాత్రము నలుగురిదనియు వ్రాసికొనిరి. డ్రమ్ము వాయించినవాడు కూలివాడు గాడు, కర్తయే.

ఆ సంగతి చదివిన రాత్రి లేచి దీపము వెలిగించి మా మేనల్లుని కాగితమును మరల చదివితిని. ముందుసొమ్ము వాని యింటికి కొత్త కప్పు వేయించుటకు చాలును. అది చిన్న మాట గాదు, గడచిన వానలకు వాని బిడ్డలు మా వసారాలో పడుకొనిరి. కాని పత్రమున డప్పు వాయించు మిత్రుని పేరు ఎచ్చటను లేదు. పాటలను ఏ ప్రకటనకైనను, ఎవరి సరకుకైనను వాడుకొను హక్కు కంపెనీకి గలదని తొమ్మిదవ పేరాలో నున్నది. ఎండిన చేలమీద కట్టిన పాట రేపు ఎవరి మందుడబ్బాను అమ్మునో! ఆ రెండు చోట్ల ఎఱ్ఱసిరాతో గీతలు గీసి, ప్రక్కన నాకు తోచినది వ్రాసి, వానికి కబురంపితిని. డప్పువానిని గూడ వెంటబెట్టుకొని ఆదివారమునాడు వచ్చెదనని బదులు పంపినాడు.