పరదేశమున స్నేహము

(విదేశములకు బోవు యువతీయువకుల వీడ్కోలు సభలో, షోలాపురమున చేసిన ప్రసంగము)



మన షోలాపురము నుండి చదువునకును, ఉద్యోగమునకును విదేశములకు బోవుచున్న బిడ్డలకు నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము నూలు, తువాళ్లు అమ్ముకొను వర్తకులము. మెట్రిక్కుతో చదువు ముగించినవారము. అనుభవమున దెలిసినవే చెప్పగలము.

పరదేశవాసము మనకు క్రొత్త గాదు. మన పెద్దలు తెలంగాణము నుండి మగ్గమును నమ్ముకొని ఈ యూరు చేరినవారే. అప్పుడు వారికి మరాఠీ రాదు. మా నాయనమ్మ, పెరుగునకు తోడు లేనపుడు, గిన్నె చేతబట్టి ఇరుగింటి మరాఠీ ఇల్లాలి గడపకు బోయి, తెలిసిన రెండు మాటలతోనే అడిగెడిదట. మరునాడు ఆ ఇల్లాలు చింతపండునకై మా ఇంటికి వచ్చెడిదట. ఆ రెండిండ్ల నడుమ నేటికిని రాకపోకలు కలవు. గిన్నెలోనికి తోడు అడుగబోయి, బ్రతుకునకు తోడు తెచ్చుకొనినది మా నాయనమ్మ.

ఈ సంగతి వినియుండియు మేము పాటింపమైతిమి. 2008వ సంవత్సరమున తువాళ్ల వ్యాపార నిమిత్తము దుబాయి నగరమునకు బోయి, దేరా బజారులో రెండేండ్లు ఉంటిమి. మొదటి ఆరు మాసములు తెలుగువారితోనే వంట, తెలుగువారితోనే మాట. శుక్రవారము సెలవునాడు గది తలుపు వేసికొని, ఇంటిపై బెంగతో పడుకొనువారము. ఇతరులను ఏదేని అడిగినచో చులకన యగుదుమని మా తలంపు.

ఒకనాటి రాత్రి మా దుకాణపు షట్టరు దిగక నిలిచిపోయినది. గత్యంతరము లేక ప్రక్క దుకాణదారుని పిలిచితిమి. ఆయన ఇరాను దేశస్థుడు, మాకంటె పెద్దవాడు. "భాయీ, ఇన్నాళ్లు ఒక్కమాటైనను పలుకవేమి?" అని హిందీలో నవ్వుచు అడిగి, తన పనివానిని పిలిచి దానిని దింపించెను. మరునాడు ఆయనయే చిల్లరకై మా యొద్దకు వచ్చెను. నాటినుండి సాయంకాలపు తేనీరు ఇరువురకు ఒక్కచోటనే. ఆయన వలననే అంగడి అరబ్బీ మాకు కొంత పట్టుబడెను.

కాని పిదప మేమొక తప్పు చేసితిమి. మరుసటి యేడు ఆయన తల్లి గతించెను. బజారువారందరును పరామర్శకు బోవుచుండిరి. ఏమి పలుకవలెనో, ఎక్కడ కూర్చుండవలెనో తెలియక మేము పోలేదు. ఆయన తిరిగి దుకాణము తెరచినపుడు, "నీవు వచ్చెదవని తలుపు వైపు చూచుచుంటిని" అని మాత్రమనెను. తేనీరు తరువాతను త్రాగితిమి గాని, ఆ మాట నేటికిని ముల్లువలె గ్రుచ్చుచున్నది. మాట రాకున్నను, కొంతసేపు మౌనముగ కూర్చుండి వచ్చినను చాలియుండెడిది.

మన యూరి బిడ్డ డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసును తలచుకొనుడు. ఆయన 1910లో ఇచ్చట జన్మించి, 1938లో ఐదుగురు వైద్యుల బృందములో నొకడై చైనాకు బోయెను. చీనా భాష నేర్చి, యుద్ధభూమిలో గాయపడినవారికి చికిత్స చేసెను. 1941లో అచ్చటి వనితనే వివాహమాడెను. వారి కుమారునికి యిన్‌హువా యను పేరు గలిగెను. 'యిన్' అనగా భారతము, 'హువా' అనగా చైనా. 1942లో, 32 ఏండ్ల ప్రాయముననే ఆయన మరణించినను, చైనీయులు నేటికిని మరువలేదు. ఆయన వారికి పరాయివాడు గాకపోవుటకు వైద్యమొక్కటే కారణము గాదు. వారి మాట నేర్చెను. వారి కష్టమున వారి చెంత నుండెను.

కావున బిడ్డలారా! చేరిన వారములోనే పొరుగువారి భాషలో పలుకరింపులు నేర్చుకొనుడు. చిన్న సాయము అడుగుటకు సిగ్గుపడకుడు. మీరు అడిగిననే గదా, వారికిని మిమ్ము అడుగు చనువు కలుగును. దుఃఖము గలిగిన యింటికి తప్పక పోవుడు. తెలుగువారి కూటమిని విడువుమని మేము చెప్పుట లేదు. పండుగకును, బెంగకును అది కావలసినదే. కాని దాని తలుపు తెరచియుండవలయును.

మీరు ఫోను చేసినపుడు జీతమెంత యని మేమడుగము. మీ పొరుగువాని పేరేమి యని అడిగెదము. జవాబు సిద్ధముగ నుంచుకొనుడు. మీకు జయము కలుగుగాక!