వేసవి సెలవులలో అంకెల విద్య
(గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



డేటా సైన్సు నగరవాసుల విద్య యని పలువురు తలంచుచున్నారు. వ్రాసియుంచిన లెక్కలనుండి నిజమును రాబట్టుటయే దీని పని. జనన మరణముల రిజిస్టరు, ఇంటిపన్నుల జాబితా, కుళాయిల లెక్క మన పంచాయతీలలో నున్నవే కదా!

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సహాయముతో పెక్కు విశ్వవిద్యాలయములు వేసవిలో డిగ్రీ విద్యార్థులను పరిశోధనకు చేర్చుకొనుచు వచ్చినవి. భృతి నొసగి, సాధారణముగా ఎనిమిది నుండి పది వారములు వారిచే పని చేయింతురు. ఉపాధ్యాయులకు వేరొక పథకము కలదు. వారు నేర్చినదానిని పాఠములుగా మలచి తమ బడులకు కొనిపోవుదురు.

ఇట్టి శిక్షణ ఫలమును మన తెలుగువారొకరు చూపియున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన శ్రీ సి. ఆర్. రావుగారు 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో శిక్షణకు చేరిరి. 1945లో వారు ప్రకటించిన వ్యాసమునకు గుర్తింపుగా, డెబ్బది యెనిమిదేండ్ల పిమ్మట, 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారము లభించినది.

ఈ విద్య గ్రామమునకేల యందురా? ఒక ఊరిలో సమాన జనసంఖ్యగల పది వాడలున్నవనుకొందము. తొమ్మిది వాడలలో మనిషికి దినమునకు 60 లీటర్ల నీరు అందుచున్నది. పదవ వాడలో 10 లీటర్లే. సగటు 55 లీటర్లు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ ప్రమాణము సరిగా అంతయే! కాగితముపై లోపము కానరాదు. పదవ వాడ స్త్రీలు మాత్రము బిందెలతో నిలిచియే యుందురు. వాడవారీ లెక్క వ్రాసిననే వారి బాధ బయటపడును.

కావున వచ్చు వేసవిలో మన ఉన్నత పాఠశాల లెక్కల మాస్టరుగారిని, ఊరి డిగ్రీ విద్యార్థులను పిలిచి ఈ యొక్క పనిని అప్పగింతము. నీరు ఏ వేళకు వచ్చెను? ఎంతసేపు వచ్చెను? బిందె నిండుటకు ఎన్ని నిమిషములు పట్టెను? ఒకే కొలతతో, నెల దినములు, ప్రతి వాడలోను వ్రాయవలెను. వ్యక్తుల పేర్లు అక్కరలేదు. పుస్తకములు, దారి ఖర్చులు పంచాయతీ భరింపవలెను. పట్టికను గ్రామసభలో చదివి వినిపింపవలెను.

ఒక్క నియమము మనకు ముఖ్యము. ఆ అంకెలు మనకు రుచింపకున్నను దిద్దరాదు. అంకెను దిద్దినంతమాత్రమున కుళాయిలో నీరు రాదు. గొట్టమును దిద్దిననే వచ్చును.