ఒక కాగితం మీద గురుశిష్యుల పేర్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కనుక నేను వేరే మాట చెబుతాను. మన ఊరి కోట పక్కనుంచి నడిచే ప్రతివాడికీ మహారాజా కళాశాల తెలుసు. 1879లో కళాశాల అయిన ఆ చోట సంస్కృతం, సంగీతం, సాహిత్యం వర్ధిల్లిన కథ మనవాళ్ళకు కంఠోపాఠం. భౌతికశాస్త్రం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అక్కడ అప్పడవేదుల లక్ష్మీనారాయణ గారు ఫిజిక్సు చెప్పేవారు. పుట్టింది 1887లో, కోనసీమ ముక్కామలలో. శాస్త్రలోకానికి ఆయన ఎ.ఎల్.నారాయణ్. ఆయన దగ్గర పరిశోధనలో చేరినవారు కోచర్లకోట రంగధామరావు గారు, 1898లో బరంపురంలో పుట్టినవారు. ఇద్దరి మధ్యా పదకొండేళ్ళ తేడా.

చేసిన పని ఏమిటంటే, లోహాన్ని ఆవిరయ్యేదాకా కాచి, ఆ ఆవిరిలోంచి తెల్లని వెలుగు పంపి, పట్టకంతో విడదీసి చూడటం. రంగుల పట్టీలో అక్కడక్కడ నల్లటి గీతలు పడతాయి. ఏ లోహం గీతలు ఆ లోహానివే, మన వేలిముద్రల్లాగ. థాలియం ఆవిరి మీద వారి వ్యాసం 1924లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్సులో వచ్చింది. గురువుగారి పేరుతో పాటు గున్నయ్య గారిది, రంగధామరావు గారిది కూడా అందులో ఉన్నాయి.

ఇక్కడ నా సొంత గోడు కాస్త. సర్వీసులో నేను రాత్రుళ్ళు కూర్చుని తయారుచేసిన ఒక నివేదిక పై అధికారి పేరుతో వెళ్ళింది. ఇరవై ఏళ్ళయినా ఆ ముల్లు తీయలేదు. అందుకే ఆ మూడు పేర్ల దగ్గర నా కన్ను ఆగిపోతుంది.

తరువాత దారులు వేరయ్యాయి. గురువుగారు కేంద్ర ప్రభుత్వ కొలువులో కొడైకెనాల్ సౌర వేధశాలకు వెళ్ళారు. తెల్లదొరలే ఏలిన ఆ సంస్థకు 1937లో తొలి భారతీయ డైరెక్టరయ్యారు. 1946 దాకా ఆ కొండమీదే. ఇక్కడ గొట్టంలో చూసిన గీతలనే అక్కడ సూర్యుడిలో చూశారన్నమాట!

శిష్యుడు లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పనిచేసి, వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట శాఖను నిలబెట్టారు. డైరెక్టరు కుర్చీ గొప్పదే, కాదనను. కానీ నన్నడిగితే రంగధామరావు గారి పంట పెద్దది. ఆయన శిష్యులు, వారి శిష్యులు ఎన్నో కళాశాలల్లో పాఠాలు చెప్పారు. అంతకన్నా నాకు నచ్చినది మరొకటి. యాభై దాటాక, మనమైతే సర్వీసు లెక్కలు వేసుకునే వయసులో, ఆయన న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్సు అనే సరికొత్త విద్యను తమ ప్రయోగశాలలో మొదలుపెట్టించారు. మా మనవరాలికి ఈ మాట చెబితే, "మరి నువ్వు కంప్యూటరెందుకు నేర్చుకోవు తాతయ్యా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఆదివారం నుంచి కూర్చుంటున్నాను.

1972లో శిష్యుడు కన్నుమూశారు. గురువుగారు ఆ మరుసటి ఏడు. కళాశాల ఫిజిక్సు విభాగంలో ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన పెట్టించమని మన సంఘం తరఫున ఒక అర్జీ రాసి తెచ్చాను. ఈ పూటే సంతకాలు చేయండి. అందరి పేర్లూ ఉండాలి.